నోట్లో గుండుసూదులు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడకి రెండు పేర్లు. ఎదురుగా ఉన్నప్పుడు టైలరమ్మ, అటు తిరగ్గానే రేడియో. రెండో పేరు సంగతి ఆమెకీ తెలుసు. "అననివ్వండి. పలికేదాన్నే కదా రేడియో అంటారు, పలకనిదాన్ని అటకెక్కిస్తారు" అని నవ్వేసేది.

మెట్ల కింద ఇరుకు గది ఆమె కొట్టు. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, గోడకి రంగురంగుల దారపు ఉండలు. ఇంకో మనిషి లోపలికి రావాలంటే ఉన్న మనిషి ఊపిరి బిగబట్టాలి. అంత ఇరుకులోనూ మాటలకి మాత్రం కరువు లేదు. కొలతలు తీసుకుంటూ మాట్లాడేది, కత్తిరిస్తూ మాట్లాడేది, మిషను తొక్కేటప్పుడు ఆ చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడేది. ప్యాంటు పొట్టి చేయించుకుందామని వచ్చినవాడు వాళ్ల అత్తగారి మోకాలి నొప్పి గురించి చెప్పి, టైలరమ్మ ఆడపడుచు ఆపరేషన్ గురించి విని, ప్యాంటు ఇవ్వడం మర్చిపోయి ఇంటికి వెళ్లిన రోజులున్నాయి.

వాళ్లాయన సిటీ బస్సు డ్రైవరు. పొద్దస్తమానం హారన్ల మధ్య కూర్చుని కూర్చుని, ఇంటికొచ్చాక మంచినీళ్లు కావాలన్నా చేత్తోనే చూపించేవాడు. "ఇద్దరికీ కలిపి ఒకే మూట ఇచ్చారమ్మా మాటలు. పంపకాల్లో ఆయన మొహమాటపడ్డాడు, నేను పడలేదు" అని ఆమె చెప్పుకునేది.

వాళ్లకి ఒక్కతే కూతురు. పుట్టిన మూడో రోజు డాక్టరు డౌన్ సిండ్రోమ్ అని చెప్పి, ఒంట్లో క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉంటుందని కాగితం మీద గీసి చూపించాడు. ఆ రోజు ఏడుపులో మిగతాదేదీ బుర్రకెక్కలేదు గానీ, ఆ ఒక్క ముక్క మాత్రం టైలరమ్మ గట్టిగా పట్టుకుంది. ఎవరైనా పిల్లని చూసి అయ్యో అన్నట్టు మొహం పెడితే చాలు, "ఒకటి ఎక్కువేనండీ మా పిల్లకి, తక్కువేం కాలేదు" అనేది. పిల్ల నిద్రలో సన్నగా కువకువమంటుందని గువ్వ అని పిలవడం మొదలుపెట్టారు. అదే నిలిచిపోయింది.

గువ్వకి నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. చిన్నప్పుడు చెవుల్లో నీరు చేరి సగం వినిపించేది కాదు. నాలుకకీ పెదాలకీ పట్టు తక్కువ. వచ్చిన మాటలు కూడా తడిసిన అట్టముక్కల్లా ఒకదానికొకటి అంటుకుని ముద్దగా వచ్చేవి. ఆ ముద్దని విడదీసి అర్థం చెప్పగలిగే మనిషి లోకంలో ఒక్కతే, వాళ్లమ్మ. గువ్వ నోరు తెరిస్తే చాలు, "మా అమ్మాయి ఏమంటోందంటే..." అని ఆమె అందుకునేది. గువ్వ మొదటి అక్షరం దగ్గర ఉండగానే వాళ్లమ్మ చివరి అక్షరం దాటేసేది. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఆ పని తనలా ఇంకెవరూ చెయ్యలేరని ఆమెకి గొప్ప కూడా.

గువ్వ ఆ కొట్లోనే పెరిగింది. బొత్తాలు కుట్టడం, మడతలు పెట్టడం, చీటీ చూసి బట్ట వెతికి తియ్యడం అన్నీ వచ్చు. చదవడం కూడా వచ్చు. విన్నది మర్చిపోతుంది గానీ చూసింది మర్చిపోదు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు పెట్టకుండానే ఏ సైజో చెప్పేస్తుంది. చెప్పడమంటే చేత్తో చూపిస్తుంది. నోటితో చెప్పడానికి వాళ్లమ్మ ఉంది కదా.

ఒకరోజు మధ్యాహ్నం గువ్వ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, తనకి వేరే పని కావాలంది. వాళ్లమ్మకే మూడుసార్లు చెప్పించుకోవాల్సి వచ్చింది. అర్థం కాక కాదు, నమ్మలేక.

"వేరే పనేంటే? మన కొట్లో పని లేదా?"

"నీ కొట్టు" అంది గువ్వ. ఆ రెండు మాటలూ స్పష్టంగానే వచ్చాయి.

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. కోపం రాలేదు, గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లకి తను కొట్టు పెట్టుకుంది. గువ్వకిప్పుడు అదే వయసు.

ఆ వారమే కూతుర్ని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడ మొదటి అంతస్తులో, మాట సరిగ్గా రానివాళ్లకి మాట నేర్పే మేడం ఉంది. అందరూ ఆవిడని మాటల మేడం అంటారు. గువ్వ చిన్నప్పుడు ఇలాంటి చోటికే కొన్నాళ్లు తిప్పారు. రెండు బస్సులు మారలేక, కొట్టు మూసుకోలేక మానేశారు. ఆ తప్పు టైలరమ్మ మనసులో ఎప్పుడూ ఉండేది.

"ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటుంది మేడం, ఆలస్యం చేసేశాను" అని వెళ్తూనే మొదలుపెట్టింది.

"మీరు షర్టు కుట్టడం ఏ వయసులో నేర్చుకున్నారు?"

"పందొమ్మిదిలో."

"మరి? ఇరవై రెండు పెద్ద తేడా ఏం కాదు" అని మేడం గువ్వ వైపు తిరిగింది. ఏం పేరు, ఏం పని చేస్తావు, ఏ రంగు ఇష్టం, పొద్దున ఏం తిన్నావు అని ఒక్కొక్కటే అడిగింది. బల్ల మీద కాగితం పెట్టుకుని మధ్యమధ్యలో గీతలు గీసింది. ఇరవై నిమిషాలయ్యాక ఆ కాగితం టైలరమ్మ ముందుకి జరిపింది.

"ఇవి నేను మీ అమ్మాయిని అడిగిన ప్రశ్నలు, పద్నాలుగు. ఇవి మీరు చెప్పిన జవాబులు, పన్నెండు."

"మిగతా రెండు?"

"అప్పుడు మీకు దగ్గొచ్చింది."

టైలరమ్మ మొహం ఎర్రబడింది. మేడం గొంతు తగ్గించి చెప్పింది. "మీ అమ్మాయికి మాటలు లేక కాదమ్మా, సందు దొరక్క. ప్రశ్న చెవిన పడాలి, అర్థం కావాలి, జవాబు దొరకాలి, దాన్ని నోటిదాకా తెచ్చుకోవాలి. మనకి చిటికెలో అయ్యే పని, తనకి కాస్త టైం పడుతుంది. అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఆ పది అంకెలు మీరు ఇవ్వాల్సిన మందు. మిగతాది నేనూ తనూ చూసుకుంటాం."

ఇంటికి వెళ్లి మొగుడి ముందు గయ్యిమంది. "విన్నారా? వైద్యం కోసం పిల్లని తీసుకెళ్తే నన్ను నోరు మూసుకోమంటోంది!"

డ్రైవరు ఆ రోజు నవ్వినంత నవ్వు పెళ్లయ్యాక ఎప్పుడూ నవ్వలేదు. కళ్లు తుడుచుకుంటూ, "ఆ మేడం ఫీజు ఎంతో కనుక్కో. నేను కూడా ఇస్తాను" అన్నాడు. గువ్వ కూడా పకపకా నవ్వింది.

చెప్పినంత సులువా పది అంకెలంటే? టైలరమ్మ మూడు దాకా వచ్చేది, నాలుగు దగ్గర నోరు దానంతటదే తెరుచుకునేది. నాలుక కొరుక్కునేది, అయినా లాభం లేదు. ఎవరో గువ్వని ఏదో అడగడం, గువ్వ పెదాలు కదపడం, "మా అమ్మాయి ఏమంటోందంటే" అని ఈమె దూకెయ్యడం, ఆ తర్వాత ఛ అని తలకొట్టుకోవడం. మూడు నెలలు ఇదే తంతు. గువ్వకి గురువారం గురువారం మేడం నేర్పింది శుక్రవారానికల్లా వాళ్లమ్మే మింగేసేది.

దారి చూపించింది మేడం కాదు, గుండుసూదులు.

ఒక స్కూలు టీచరు పొడుగు గౌను అంచు సరిచేయించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంచు మడుస్తోంది. టైలర్లందరికీ ఉన్న అలవాటే, గుండుసూదులు పెదాల మధ్య వరసగా పెట్టుకుని ఒక్కోటీ తీసి గుచ్చుతోంది. ఆమె మాటలాపేది అప్పుడొక్కటే. ఎనిమిదో తొమ్మిదో సూదులున్నాయి నోట్లో.

"ఎప్పటికిస్తారు?" అని టీచరు అడిగింది.

టైలరమ్మ మ్మ్ అంది. సూదులు తియ్యబోయింది, ఒకటి కింద పడింది, దాన్ని వెతుక్కుంది. ఈలోపు పైనుంచి వినిపించింది.

"శుక్రవారం. సాయంత్రం. చీటీ తెండి."

"సరేనమ్మా, ఐదింటికొస్తా" అని టీచరు మామూలుగా అనేసింది. ఆమెకి అందులో వింతేమీ కనపడలేదు.

నేల మీద కూర్చున్న టైలరమ్మ మాత్రం మిగతా సూదులు మింగేసేదే. మూడు మాటలు! ఎవరూ అనువాదం చెయ్యకుండా, బయటి మనిషికి, అడిగినదానికి సరైన జవాబు! టీచరు వెళ్లేదాకా ఆగి కూతుర్ని వాటేసుకుంది. "అమ్మా, సూది" అని గువ్వ వదిలించుకుంది. భుజానికి గుచ్చుకుంది పాపం.

ఆ రోజు నుంచి గుమ్మంలో మనిషి నీడ పడితే చాలు, కుట్టే పని ఉన్నా లేకపోయినా టైలరమ్మ డబ్బాలోంచి నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టేసుకునేది. వచ్చినవాళ్లు ఆమె వైపు చూస్తే గువ్వ వైపు చెయ్యి చూపించేది. మెట్ల పక్కనే పెట్టె వేసుకుని తాళాలు బాగుచేసే అతను రెండు రోజులు చూసి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏంటక్కా, నోటికి తాళం పడిందా? చెప్తే నేనే వేసేవాణ్ని కదా, మంచి గోద్రెజ్‌ది!"

నోట్లో సూదులుండటం వల్ల టైలరమ్మ జవాబు చెప్పలేకపోయింది. స్కేలు తీసి విసిరింది.

మాటల మేడం ఈ సంగతి విని నవ్వి, వెంటనే తిట్టింది. "మింగితే నా దగ్గరకి కాదు, కింద ఎమర్జెన్సీకి వెళ్లాలి."

"ముప్పై ఏళ్లుగా ఇవి నా నోట్లోనే ఉన్నాయి మేడం. అన్నం కంటే ఎక్కువసేపు ఉన్నాయి" అంది టైలరమ్మ. అయినా మేడం మాట తీసెయ్యలేక, మెల్లగా సూదులు తగ్గిస్తూ వచ్చింది. నాలుగు మూడయ్యాయి, మూడు ఒకటయ్యాయి. చివరికి ఉత్త పెదాలే బిగించుకోవడం అలవాటైంది.

సందు దొరికింది కాబట్టి ఇక మేడం పని సాగింది. గువ్వ మాటలు ముద్దయిపోకుండా ఒక్కో మాటకీ ఒక్కో చుక్క మీద వేలు పెట్టమని చుక్కలు గీసిన అట్ట ఇచ్చింది. అట్ట వారానికే నలిగిపోయింది. గువ్వ ఇంటికొచ్చి, నల్ల గుడ్డ పట్టీ మీద ఆరు పెద్ద బొత్తాలు తనే కుట్టుకుంది. ఒక బొత్తాం ఒక మాట, ఇంకో బొత్తాం ఇంకో మాట. వేలు జరిగితేనే మాట జరగాలి. మేడం ఆ పట్టీ చూసి, తన దగ్గరకొచ్చే ఇంకో ఐదుగురికి కుట్టిపెట్టమంది. గువ్వ కుట్టిచ్చింది. టైలరమ్మ ఆ సంగతి ఎవరికి చెప్పలేదని అడగండి. బస్సులో పక్క సీటువాళ్లకి కూడా చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి నేర్పింది మేడం. ఎదుటివాళ్లకి అర్థం కాకపోతే ఏం చెయ్యాలో. ఇదివరకు గువ్వ తలదించుకుని వాళ్లమ్మ వైపు చూసేది. ఇప్పుడు ఆగండి అనాలి. మళ్లీ చెప్పాలి. అప్పుడూ అర్థం కాకపోతే వేరే మాటల్లో చెప్పాలి, లేదా రాసి చూపించాలి. మేడం కోపిష్ఠి కస్టమరు వేషం వేసి బల్ల గుద్దేది, గువ్వ నేర్చుకున్నవన్నీ ఒక్కోటీ వాడేది. "ఈ కస్టమర్ మంచిది కాదు" అని ఒకసారి బొత్తాల మీద చెప్పి మేడాన్నే నవ్వించింది.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ఆసుపత్రి బట్టల గదిలో ఒక మనిషి కావాలని మేడమే కబురు చెప్పింది. నర్సులూ వార్డుల్లో పనిచేసేవాళ్లూ వచ్చి ఉతికిన యూనిఫాం తీసుకెళ్లే చోటు అది. వచ్చినవాళ్లని సైజు అడగాలి, ఎన్ని జతలో అడగాలి, అరలోంచి తీసివ్వాలి, పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఆ గది చూసే స్టోరు ఆఫీసరు చెడ్డవాడేం కాదు గానీ అనుమానం మనిషి.

"బట్టలు తియ్యగలదు, సరే. మాట్లాడగలదా? పొద్దున డ్యూటీ మారే టైంలో మీద పడిపోతారు అందరూ. ఒక పూట చూస్తాను. పని ఆగిపోతే మాత్రం కుదరదు" అన్నాడు.

ఆ పూట వచ్చేదాకా టైలరమ్మకి ముద్ద దిగలేదు. భయం ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. అది మొగుడితో మాత్రమే అంది. "దాని మాట అందరికీ అర్థమైపోతే ఇంక నాతో పనేముంటుందండీ?" డ్రైవరు కాసేపు ఆలోచించి, "కొట్టుంది కదా" అన్నాడు. అతనికి అంతకంటే ఓదార్చడం రాదు.

ఆ పొద్దున ఎనిమిది కాకముందే గువ్వ బట్టల గది కిటికీ వెనక నిలబడింది. బొత్తాల పట్టీ ముందు బల్లకి అంటించుకుంది. టైలరమ్మని వసారాకి అవతలి వైపు బెంచీ మీద కూర్చోబెట్టారు. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు అని మేడం గట్టిగా చెప్పింది. స్టోరు ఆఫీసరు లోపల అరల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి నలుగురైదుగురు బాగానే వెళ్లారు. "సైజు? ఎన్ని జతలు? సంతకం." గువ్వ వేలు బొత్తాల మీద నడుస్తోంది. అప్పుడొచ్చింది ఒక పొడగరి నర్సు, పరుగులాంటి నడకతో.

"మీడియం, రెండు. త్వరగా!"

గువ్వ అర వైపు కదల్లేదు. ఆమెని పైనుంచి కిందికి చూసింది. "చే... చేతు..." అంది. కంగారులో వేలు బొత్తాం తప్పింది, మాటలు ముద్దయ్యాయి.

"ఏంటి? చేతికా? గ్లౌజులు కాదమ్మా, యూనిఫాం. లోపల ఎవరైనా ఉన్నారా?" నర్సు అటూ ఇటూ చూసింది. వెనక వరస పెరిగింది. ఎవరో అబ్బా అన్నారు. నర్సుకి బెంచీ మీద టైలరమ్మ కనపడింది. పోలికలు కూడా కనపడ్డట్టున్నాయి. "మీరు ఈ అమ్మాయి తాలూకేనా? ఏమంటోందండీ?"

టైలరమ్మకి తెలుసు. గువ్వ చూసిందే ఆమే చూసింది. వాక్యం మొత్తం నాలుక చివర తయారుగా ఉంది. ఇంత బాగా, ఇంత సూటిగా, ఇంత గట్టిగా ఆ ప్రశ్న ఆమెని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అరల దగ్గర నుంచి ఆఫీసరు కూడా ఆమె వైపే చూస్తున్నాడు.

"నాకు తెలీదమ్మా. తననే అడగండి" అంది. పుట్టి బుద్ధెరిగాక కూతురి గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

గువ్వ వాళ్లమ్మ వైపు చూసింది. ఆ చూపు ఒక్క క్షణమే. తర్వాత చెయ్యి పైకెత్తి, "ఆగండి" అంది నర్సుతో. "మళ్లీ చెప్తాను." వేలు మొదటి బొత్తాం మీదకి తెచ్చుకుంది.

"మీకు. చేతులు. పొడుగు. మీడియం. కురచ. లార్జ్ తీసుకోండి. నడుముకి. తాడుంది. బిగించండి."

లోపలికి వెళ్లి లార్జ్ జత తెచ్చి బల్ల మీద పెట్టింది. నర్సు అందులోంచి చొక్కా తీసి, వేసుకున్న బట్టల మీదే తొడుక్కుంది. మణికట్టు దాకా వచ్చింది చెయ్యి. ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"ఎనిమిదేళ్ల నుంచి మోచేతి కింద చలేస్తూనే ఉంది నాకు. ఒక్కళ్లూ చెప్పలేదేంటి?" అని వెనక ఉన్నవాళ్లకి చెయ్యి చూపించింది. "రెండూ లార్జే ఇవ్వమ్మా."

"సంతకం" అంది గువ్వ.

తర్వాత వచ్చినవాళ్లలో ఇద్దరు, "నా సైజు సరిగ్గానే ఉందా చూడమ్మా" అని అడిగి మరీ వెళ్లారు. వరస ఆగలేదు.

పదకొండింటికి రద్దీ తగ్గాక స్టోరు ఆఫీసరు కిటికీ దగ్గరకొచ్చాడు. టైలరమ్మ బెంచీ మీద నుంచి లేచి కొంగు సర్దుకుంది. తనని పిలుస్తాడనుకుంది. అతను అటు చూడను కూడా చూడలేదు.

"సోమవారం నుంచి రాగలవా?" అన్నాడు గువ్వతో. అని ఊరుకున్నాడు. ఆ నిశ్శబ్దం అతనే ఇచ్చాడు, ఎవరూ నేర్పకుండా.

"వస్తాను" అంది గువ్వ. "గురువారం. మూడింటికి. వెళ్లిపోతాను. మేడం క్లాసు. నాకు కుర్చీ కావాలి. ఎత్తుది."

"ఇంకేమైనా?"

గువ్వ ఆలోచించింది. "అరల మీద. సైజులు. పెద్దగా రాస్తాను. మీరు రాసినవి. కనపడవు."

ఆఫీసరు తన రాత వైపు చూసుకుని గెడ్డం గోక్కున్నాడు. "రాయి" అన్నాడు.

"అంత గీరగా మాట్లాడొచ్చటే ఆఫీసరుతో?" అని టైలరమ్మ వసారాలో కూతురి చెవిలో అంది. లోపల మాత్రం ఒళ్లంతా పండగలా ఉంది. నన్ను ఒక్క ముక్కైనా అడగలేదే ఆ మనిషి అని కొంచెం ఉక్రోషంగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆమెకి ఆ రోజే తెలిసింది.

గువ్వ సాయంత్రం దాకా ఉండి, అరలకి పేర్లు రాసేసి వస్తానంది. బస్సు నంబరు తెలుసు, దిగే చోటు తెలుసు. నువ్వెళ్లు అంది. టైలరమ్మ ఒక్కతే తిరిగొచ్చింది.

వీధి మొదట్లోనే పట్టుకున్నారు అందరూ. కాఫీ కొట్టు ఆవిడ, స్కూలు టీచరు, ఇంకా ఎవరెవరో. "ఏమైంది? ఇచ్చారా ఉద్యోగం?" అని.

ఆమె నోరు తెరిచింది. మూసింది. "సాయంత్రం వస్తుంది. అదే చెప్తుంది" అని కొట్లోకి వెళ్లి మిషను ముందు కూర్చుంది. తాళాలతను రెండుసార్లు తల దూర్చి చూశాడు. "ఒక్క ముక్క, అవునా కాదా?" అన్నాడు. ఆమె మిషను ఇంకా గట్టిగా తొక్కింది. ఆ మధ్యాహ్నం కుట్టిన కుట్టు వంకరపోయి, మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది.

ఐదున్నరకి గువ్వ బస్సు దిగింది. వేళ్లకి స్కెచ్ పెన్ను మరకలు. మెట్ల దగ్గర ఏడెనిమిది మంది చేరిపోయారు. డ్రైవరు కూడా డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోకుండానే వచ్చి నిలబడ్డాడు.

"పొద్దున" అని మొదలుపెట్టింది గువ్వ. "ఒక. నర్సు. వచ్చింది. పొడుగ్గా. ఉంది. ఆమె..." ఆగింది. మాట వెతుక్కుంటోంది.

"ఆమె నిన్ను తిట్టిందా?" అన్నాడు తాళాలతను.

"నువ్వుండవయ్యా" అంది టైలరమ్మ. "దాని కబురు, దాన్ని చెప్పనీ."

అందరూ ఆగారు. బస్సు వెళ్లింది, ఇంకో బస్సు వచ్చింది. గువ్వ తొందరేమీ పడకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, ఎత్తు కుర్చీ సంగతితో సహా.